నిలిచే గ్రంథం - రచనాశిల్పం

అచ్చుయంత్రం వచ్చిన నాటినుండి తెలుగులో వెలువడిన గ్రంథాలు అసంఖ్యాకం. వాటిలో మరుతరం పాఠకుని చేతికి అందినవి కొన్ని మాత్రమే. సదుద్దేశం లేక తక్కినవి మరుగున పడ్డాయని చెప్పలేం. సంఘశ్రేయస్సును కాంక్షించి వ్రాసిన గ్రంథాలు కూడా కాలగర్భంలో కలిసిపోయాయి. ఉద్దేశం గ్రంథానికి జన్మనిస్తుంది. దానికి ఆయువు పోసేది రచనాశిల్పం.

కవికి కావలసిన సామగ్రిని మన ఆలంకారికులు మూడు విధాలుగా పేర్కొన్నారు. అవి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం. ప్రతిభ సహజసిద్ధమైనది. లోకాన్ని, శాస్త్రాలను, పూర్వుల కావ్యాలను పరిశీలించడం వల్ల కలిగే నైపుణ్యం వ్యుత్పత్తి. ఎరిగినవారి శిక్షణలో పదేపదే వ్రాయడం అభ్యాసం. మొదటిది మన చేతిలో లేదు. మిగిలిన రెండూ పూర్తిగా మన కృషిపై ఆధారపడినవే. కనుక రచనను మెరుగుపరచుకోగోరేవారు దృష్టి నిలపవలసింది వీటిపైననే. ఇవి ఒక గ్రంథాన్ని ఎంత ఎత్తుకు చేర్చగలవో తెలుసుకోవడానికి గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' చక్కని నిదర్శనం.

గురజాడ (1862-1915) విజయనగర సంస్థానంలో ఉండి ఈ నాటకాన్ని రచించారు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం 1897లో అచ్చయింది. పసిపిల్లలను సొమ్ముకు అమ్మి, వయసు మళ్ళినవారికి కట్టబెట్టే దురాచారం ఇందులోని ఇతివృత్తం. గురజాడ దీనిని కేవలం ఊహపై నిర్మించలేదు. విజయనగర మహారాజు ఆదేశంపై విశాఖపట్నం జిల్లాలో సేకరించిన వివరాలను ఆయన తన పీఠికలో పొందుపరచారు. మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాలు 1,034. అయిదేళ్ళకే పెళ్ళి అయినవారు 99 మంది. నాలుగేళ్ళకు 44 మంది, మూడేళ్ళకు 36 మంది, రెండేళ్ళకు 6గురు, ఏడాది వయసుకే ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు పలికిన వెల 350 నుండి 400 రూపాయలు. తల్లి గర్భంలో ఉన్న శిశువుకు సైతం బేరాలు కుదిరేవి! ఇది వ్యుత్పత్తి. వ్రాయబోయే విషయాన్ని ముందుగా క్షుణ్ణంగా తెలుసుకోవడం రచయిత ప్రథమ ధర్మం.

అయితే తెలుసుకున్నదంతా రచనలో కుమ్మరించడం శిల్పం కాదు. గురజాడ ఆ అంకెలను పీఠికకే పరిమితం చేశారు. నాటకంలో మనకు కనిపించేది కృష్ణరాయపురం అగ్రహారంలోని ఒక్క కుటుంబం. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై పుట్టింట ఉన్నది. అయినా తండ్రి అగ్నిహోత్రావధానులు రెండవ కూతురు సుబ్బిని ముదుసలి లుబ్ధావధానులకు ఇవ్వడానికి నిశ్చయించాడు. ఆ మాట విన్న తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. 1,034 వివాహాల వేదన ఆ ఒక్క తల్లి చేష్టలో రూపు కట్టింది. అంకె మన బుద్ధికి విషయాన్ని తెలుపుతుంది. పాత్ర దానిని మన గుండెకు చేరుస్తుంది. ఇంతటి దుఃఖాన్ని గర్భంలో దాచుకొని కూడా నాటకం ఆద్యంతం నవ్విస్తుంది. మందలిస్తే మొహం తిప్పుకొనే సంఘం, నవ్విస్తే తన ముఖాన్ని తానే అద్దంలో చూసుకొంటుందని గ్రహించిన రచయిత ఎన్నుకొన్న మార్గమిది.

భాష విషయంలోనూ గురజాడ సాహసమే చేశారు. గ్రాంథికభాషకే గౌరవం ఉన్న ఆ రోజులలో విజయనగర ప్రాంతపు వాడుకభాషలో నాటకం నడిపారు. గిరీశం ఇంగ్లీషు ముక్కలు కలిపి గొప్పలు పోతాడు. అగ్నిహోత్రావధానుల పలుకులో కోపం నిప్పురవ్వలా చిటపటలాడుతుంది. మధురవాణి మాటలో చమత్కారం వెంట వివేకం నడుస్తుంది. పేరు మరుగుపరచి చదివినా పలికినవారెవరో పోల్చుకోగలం. పాత్రకు తగిన మాట, సందర్భానికి తగిన మాట - దీనినే క్షేమేంద్రుడు 'ఔచిత్యం' అన్నాడు. కఠినపదాల కూర్పు పాండిత్యాన్ని చాటవచ్చు. జీవం పోసేది మాత్రం ఔచిత్యమే.

అన్నిటికంటె ముఖ్యమైనది అభ్యాసం. తొలి కూర్పుకు ఆదరణ లభించింది. మరొకరైతే అంతటితో తృప్తి చెందేవారే. గురజాడ మాత్రం నాటకాన్ని మళ్ళీ చేతికి తీసుకొన్నారు. 1909లో వెలువడిన రెండవ కూర్పు కేవలం అచ్చుతప్పులు దిద్దిన ప్రతి కాదు. దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడయ్యాయి. తొలి కూర్పులో పరిమితంగా ఉన్న మధురవాణి పాత్ర విస్తరించి, నాటకానికే వెలుగైంది. నేడు మనం చదివి, ప్రదర్శించి, చర్చించే కన్యాశుల్కం ఈ రెండవదే. రెండు కూర్పుల నడుమ గడచిన పన్నెండేళ్ళే ఒక మంచి నాటకాన్ని మహానాటకం చేశాయి.

ఈ పునఃపరిశీలన మన సంప్రదాయానికి కొత్త కాదు. వామనుడు తన అలంకారశాస్త్రంలో పదాలను చేర్చి చూడడం, తీసి చూడడం అనే ప్రక్రియను 'అవేక్షణం' అని పేర్కొన్నాడు. ఏ పదాన్నీ మార్చడానికి వీలులేని స్థితి వచ్చినప్పుడు రచన పాకానికి వచ్చినట్లు. పాకం చెడకుండా చూసుకొనే వంటవానికి ఉండే ఓర్పు రచయితకూ అవసరమే.

విద్యార్థులు ఈ సూత్రాలను తమ వ్యాసాలలోనే అభ్యసించవచ్చు. 'మా ఊరిలో కరువు చాలా తీవ్రంగా ఉంది' అన్నది సమాచారం. 'బావిలో వేసిన చేద నీటిని తాకక రాతికి తగిలి మోగింది' అన్నది దృశ్యం. రెండవ వాక్యంలో 'కరువు' అనే మాట లేదు. కరువు మాత్రం ఉంది. వ్రాసినదానిని కొన్నాళ్ళు పక్కన ఉంచి, తరువాత బిగ్గరగా చదవాలి. నాలుక తడబడిన చోట వాక్యం కుంటుతున్నదని అర్థం. తీసివేసినా అర్థం చెడని పదాన్ని తీసివేయవలసిందే. ఒక సహృదయునికి చదివి వినిపించి, అతనికి విసుగు పుట్టిన చోటును గుర్తుంచుకోవాలి. గ్రంథం అచ్చుకు వెళ్ళేటప్పుడు ప్రూఫులు శ్రద్ధగా దిద్దాలి. అందమైన ముఖపత్రం పాఠకుని చేయి చాచేలా చేస్తుంది. చివరి పుట దాకా నడిపించేది లోపలి వాక్యమే.

గురజాడ ఖండించిన కన్యాశుల్కం నేడు కనుమరుగైంది. దురాచారంతోపాటు నాటకం కూడా పాతబడిపోవలసింది. కాని పాతబడలేదు. గిరీశం వంటి మాటకారులు, లుబ్ధావధానుల వంటి లోభులు నేటికీ మన చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆడపిల్ల పెళ్ళి నేటికీ అనేక ఇళ్ళలో బేరంగానే సాగుతున్నది. ఒకనాడు తండ్రి పుచ్చుకొన్న సొమ్మును ఇప్పుడు కట్నంగా తండ్రే చెల్లిస్తున్నాడు. ఈ వేదనను ఎరిగినవారు వేలమంది ఉన్నారు. దానిని ఓపికగా పరిశీలించి, ఒక తల్లి ముఖంలో చూపి, తృప్తి కలిగే వరకు తిరగవ్రాయగల కలం కోసం తెలుగు సాహిత్యం ఎదురుచూస్తున్నది. ఆ కలం నేటి విద్యార్థుల చేతిలోనే ఉండవచ్చు.