కర్తృత్వము, పాఠము, ప్రామాణ్యము: పశ్చిమ నెల్లూరి సీమలో క్రొత్త నిబంధన

ఒక గ్రంథమును ఎవరు రచించిరి, మనకు చేరిన రూపమే దాని మొదటి రూపమా అను ప్రశ్నలు ఆంధ్రవాఙ్మయ పరిశోధకులకు క్రొత్తవి కావు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయభట్టు కృతియా కాదా యను వివాదము తరములపాటు సాగినది. క్రీడాభిరామము వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యని పండితులు వాదించుకొనిరి. ఆముక్తమాల్యద రాయల స్వీయరచన గాదని కొందరు శంకింపగా, ఇతరులు దానిని ఖండించిరి. ఈ చర్చలవలన మనకు అలవడిన పద్ధతిని, తెలుగునాట వేల యిండ్లలో నిత్యము పఠింపబడు క్రొత్త నిబంధనకును అన్వయింపవచ్చును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములను నిదర్శనముగా గైకొని ఆ అన్వయమును చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మూడు ప్రశ్నలను విడదీయవలసియున్నది. గ్రంథమును రచించినవాడెవడు అనునది కర్తృత్వప్రశ్న. అందలి యే వాక్యములు మూలమునకు చెందినవి, ఏవి పిమ్మట చేరినవి అనునది పాఠప్రశ్న. దానిని ఒక సమాజము ఏల శిరసావహించుచున్నది అనునది ప్రామాణ్యప్రశ్న. ఈ మూటిని కలగలిపి వాదించుటచేతనే తగవులు పుట్టుచున్నవి. కర్త తెలియనంత మాత్రమున గ్రంథము అప్రమాణమని యొకరును, గ్రంథము ప్రమాణము గావున కర్తను గూర్చి ప్రశ్నింపరాదని వేరొకరును పలుకుదురు. ఇరువురును ఒక ప్రశ్నకు సమాధానముగా మరియొకదాని సమాధానమును చెప్పుచున్నవారే.

ఉదయగిరి యనగానే చరిత్రకారులకు గజపతుల దుర్గమును, 1514లో కృష్ణదేవరాయలు దానిని సాధించుటయు స్ఫురించును. మన విషయమునకు కావలసినది ఆ సీమయొక్క మరియొక చరిత్ర. అమెరికన్ బాప్తిస్టు మిషనుకు చెందిన సామ్యూల్ డే 1840లో నెల్లూరున స్థిరపడెను. 1849లో వచ్చిన లైమన్ జూయెట్ ఆ పనిని నిలిపి, తరువాత తెలుగు బైబిలు సవరణ పనియందును పాల్గొనెను. 1876-78 నాటి కరవు పిమ్మట ఈ మిషను త్వరితగతిని విస్తరించినది. ఉదయగిరియందు 1885లోను, ఆత్మకూరునందు 1893లోను దాని కేంద్రములు ఏర్పడినవి. సంఘకాపరులకు సముద్రతీరమున రామాయపట్టణమందలి వేదాంత పాఠశాలలో శిక్షణ లభించెడిది.

ఈ సంఘములలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబములవారు. వేదాధ్యయనమునకే గాక వీధిబడికిని దూరముగ నుంచబడిన ఆ కుటుంబములలో అనేకులకు చేత పట్టిన మొదటి అచ్చుపుస్తకము సువార్తయే. అక్షరములు నేర్చినదియు దానితోనే. కావున “ఈ పత్రిక పౌలు వ్రాసినది కాదు” అను వాక్యము విశ్వవిద్యాలయమున ఒక విధముగ వినబడును, ఆత్మకూరు తాలూకాలోని పల్లె సంఘమున వేరొక విధముగ వినబడును. అచ్చట అది చేతికందిన ఆస్తిని పత్రములు చెల్లవని మరల లాగికొనుటవలె తోచును. అట్లని వారియెదుట ఆ చర్చయే వలదనుటయు గౌరవము గాదు. చదువరులను చదువరులుగ నెంచకపోవుట యగును. పైగా బాప్తిస్టులు మతవిశ్వాసమునకు లేఖనమునే కడపటి ప్రమాణముగ పరిగణింతురు. అట్టివారికి ఆ లేఖనమున ఏ వాక్యమున్నది, ఏది లేదు అనునది ఇతరులకంటె ఎక్కువ ముఖ్యము.

కర్తృత్వప్రశ్న తెలుగు అనువాదముతోనే ఆరంభమగుచున్నది. జర్మను మతగురువు బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధమున చేసిన తెలుగు అనువాదము అచ్చుకాలేదు. విశాఖపట్టణమున లండను మిషనుకు చెందిన అగస్టస్ డెగ్రాంజి అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితమైనవి. ఆ పనిలో ఆనందరాయరను తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు ఆయనకు తోడైయుండెను. 1818లో శ్రీరాంపురమునుండి ఒకటియు, ప్రిట్చెట్ పూర్తిచేసినది మదరాసునుండి ఒకటియు క్రొత్త నిబంధన సంపూర్ణముగ వెలువడినవి. డెగ్రాంజి పేర ప్రసిద్ధమైన వాక్యములలో ఆనందరాయరు కూర్చినవి యెన్ని? గ్రీకు తెలిసినవాని బుద్ధియు, తెలుగు తెలిసినవాని నాలుకయు కలసి పనిచేసినచోట “అనువాదకుడు” అను ఏకవచనము ఎంతవరకు సత్యము? ఈ ప్రశ్న మూలమును గూర్చియు చెల్లును. రోమీయులకు వ్రాసిన పత్రిక పౌలుదని ఎల్లరును అంగీకరింతురు. అయినను దాని చివర తెర్తియు అను లేఖకుడు తన పేరు తానే చెప్పి వందనము పలుకుచున్నాడు. పౌలు చెప్పగా అతడు వ్రాసెను. కనుక ‘వ్రాయుట’ యనునది నాడును ఒక్కని పనియే కాదు.

ఇక మూలగ్రంథముల స్థితి యెట్టిది? నాలుగు సువార్తలలో ఏ యొక్కటియు తన కర్త పేరును గ్రంథమధ్యమున చెప్పదు. మత్తయి, మార్కు, లూకా, యోహాను అనునవి శీర్షికలలోని పేర్లు. మార్కు, మత్తయి రచనలను గూర్చి రెండవ శతాబ్ది పూర్వార్ధమున పపియాస్ చెప్పిన మాటలు యూసెబియస్ ఉదాహరించుటచే మనకు దక్కినవి. నలుగురి పేర్లను కలిపి చెప్పిన ప్రాచీనులలో ముఖ్యుడు సుమారు 180 నాటి ఇరెనేయుస్. పౌలు పేరనున్న పత్రికలు పదుమూడు. వానిలో రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, థెస్సలొనీకయులకు మొదటిది, ఫిలేమోనుకు వ్రాసినవి యను ఏడును నిర్వివాదములు. ఎఫెసీయులకు, కొలొస్సయులకు వ్రాసినవియు, థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవదియు వివాదగ్రస్తములు. తిమోతికి, తీతుకు వ్రాసిన మూడును పౌలు తరువాతివని విమర్శకులలో పెక్కుమంది అభిప్రాయము. దీనిని అంగీకరింపని పండితులును కలరు. భాష, పదజాలము, సంఘవ్యవస్థ, పౌలు జీవితక్రమముతో పొందిక అనునవి వారి ఆధారములు. ఆంధ్రశబ్దచింతామణిని గూర్చి మనవారు వాడిన ఆధారములును ఈ జాతివే.

ఈ సందేహములు ఆధునికుల కల్పనలని తలచుట పొరపాటు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికను ఎవరు వ్రాసిరో దేవునికే యెరుక యని మూడవ శతాబ్దిలోనే ఓరిగెన్ అభిప్రాయపడెను. నాలుగవ శతాబ్దిలో యూసెబియస్ గ్రంథములను సర్వసమ్మతములు, వివాదగ్రస్తములు, కూటములు అని వర్గీకరించి, యాకోబు, యూదా పత్రికలను, పేతురు రెండవ పత్రికను, యోహాను రెండవ మూడవ పత్రికలను వివాదగ్రస్తములలో చేర్చెను. నేటి యిరువదియేడు గ్రంథముల పట్టిక యథాతథముగ కన్పట్టునది 367లో అథనాసియస్ వ్రాసిన పండుగలేఖలో.

పరుని పేర వ్రాయుట యెల్ల మోసమేనా? ఇచ్చట మన వాఙ్మయము మంచి దీపము. కందుకూరు సీమయందలి గుడ్లూరితో సంబంధము గలవాడని ప్రసిద్ధి గాంచిన ఎఱ్ఱన, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించెను. తన కాలమునకు సుమారు మూడువందల యేండ్లకు పూర్వపు రాజరాజనరేంద్రునకే దానిని అంకితము చేసి, నన్నయ శైలిని అనుసరించెను. అయినను పర్వాంతమున తన పేరు చెప్పుకొనెను. పోతన భాగవతమందు గంగన, సింగన, నారయ పూరించిన స్కంధములు వారి వారి పేళ్లతోనే యున్నవి. ఇది శేషపూరణము, ఇందు భక్తి కలదు, వంచన లేదు.

దీనికి ప్రతిగా వేరొక యుదంతము. ఆసియా ప్రాంతమున ఒక సంఘపెద్ద పౌలు చరిత్రను కల్పించి వ్రాసి, పట్టువడినపుడు పౌలుపై ప్రేమచేతనే అట్లు చేసితినని ఒప్పుకొని, పదవి కోల్పోయెనని టెర్టులియన్ బాప్తిస్మమును గూర్చిన తన గ్రంథమున చెప్పుచున్నాడు. ప్రేమ యిరువురియందును కలదు. భేదమెల్ల ఎఱ్ఱన తన పేరును బయటపెట్టుటలోను, ఆ పెద్ద దాచుటలోను ఉన్నది. “గురువు పేర వ్రాయుట నాడు సామాన్యము, ఎవరును తప్పు పట్టలేదు” అని తేలికగా చెప్పువారికి ఈ యుదంతము అడ్డుపడును. ఎఱ్ఱన యుదాహరణమును తిమోతి పత్రికలకు నేరుగ అంటగట్టరాదు. వానిలో పౌలు పేరు గలదు గాని పూరకుని పేరు లేదు. శిష్యులు గురువు చిన్న చిన్న లేఖలను పెంచి కూర్చిరని కొందరును, పరంపర తన కంఠమునకు గురువు పేరు పెట్టుకొనెనని కొందరును సమర్థింతురు. ఈ సమర్థనలలో ఏది నిలుచునో ఒక్కొక్క పత్రికను వేర్వేరుగ పరిశీలించియే చెప్పవలెను.

పాఠప్రశ్న దీనికంటె స్పష్టమైనది. 1905లో బటర్వర్తు, వేణుగోపాలచెట్టి గార్లు ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనసంపుటములలో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనములు కలవు. శిల మీది యక్షరము చెక్కిన నాటిదే. చేతిప్రతి యట్లు గాదు, ప్రతికి ప్రతి పుట్టుచుండును. క్రొత్త నిబంధనకు కర్తల స్వహస్తప్రతులు లేవు; గ్రీకు ప్రతులు వేలకొలది కలవు. వానిలో సంపూర్ణప్రాయములైన ప్రాచీనప్రతులు నాలుగవ శతాబ్దివి. వాటికన్న పూర్వపు తునకలును లభించినవి. 19వ శతాబ్ది తొలి తెలుగు అనువాదములకు ఆధారము నాడు ఐరోపాలో వ్యాప్తిలోనున్న గ్రీకు ముద్రితపాఠము. సీనాయి, వాటికన్ ప్రతుల సహాయమున సంస్కరింపబడిన పాఠము 1881 ప్రాంతమున ప్రచారములోనికి వచ్చినది. ఆ మార్పు క్రమముగ తెలుగు బైబిలునందును ప్రతిఫలించినది.

బాప్తిస్టు సీమకు దీనికంటె తగిన యుదాహరణము లేదనదగినది అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయమున కలదు. ఐతియొపీయ నపుంసకుడు నీళ్లు చూపి బాప్తిస్మమడుగును. పాత ముద్రితపాఠమున, విశ్వసించినచో పొందవచ్చునని ఫిలిప్పు చెప్పుటయు, అతడు తన విశ్వాసమును ఒప్పుకొనుటయు గలవు. విశ్వాసమును ఒప్పుకొనినవారికే బాప్తిస్మము అను బాప్తిస్టుల మూలసిద్ధాంతమునకు ఇంత సూటియైన వాక్యము వేరొకటి లేదు. కాని ప్రాచీనములైన ముఖ్యప్రతులలో ఈ సంభాషణ లేదు. నేడు విరివిగ చదువబడు తెలుగు బైబిలు మూలభాగమునను లేదు. ఇది వట్టి లేఖకప్రమాదము గాదు. రెండవ శతాబ్దినాటి ఇరెనేయుసే ఈ ఒప్పుకోలును ఎరుగును. బాప్తిస్మవేళ సంఘములో పలుకు మాటలు కథలోనికి ప్రవేశించియుండునని విమర్శకులు ఊహింతురు. అట్లైనచో ఆ వాక్యము లూకా రచన కాకపోయినను ప్రాచీన సంఘాచారమునకు సాక్ష్యమగును. సిద్ధాంతమునకు ఆధారముగ దాని విలువ తగ్గినది, చరిత్రకు ఆధారముగ హెచ్చినది. ప్రక్షిప్తమనిన పారవేయదగినది యను మన యలవాటు భావము ఇచ్చట సవరణ పొందవలసియున్నది.

ఇట్టివి మరికొన్ని కలవు. మార్కు సువార్త తుది పండ్రెండు వాక్యములును, వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథయు ప్రాచీనప్రతులలో కానరావు. అయినను తెలుగు బైబిలులో నిలిచినవి. యోహాను మొదటి పత్రికలో పరలోకమందలి ముగ్గురు సాక్షులను గూర్చిన వాక్యమును ఎరాస్మస్ తన 1516, 1519 ముద్రణములలో చేర్చక, 1522లో చేర్చెను. నేటి తెలుగు పాఠమున అది లేదు. ప్రభువు ప్రార్థన ముగింపు మత్తయి సువార్త మూలభాగమునుండి తొలగినను ఆరాధనలో భక్తుల నోట నిలిచియున్నది. పాఠము ప్రతులలో జీవించును. ప్రామాణ్యము వాడుకలో జీవించును. ఒకటి మారగనే రెండవది మారదు.

కనుక ఉపాధ్యాయులు విద్యార్థులకు బోధింపవలసినది ప్రశ్నలను విడదీయుట. ఒక పత్రిక పౌలుది కాదని నిర్ణయించినంతనే అది అసత్యమని చెప్పినట్లు కాదు. భాగవతము సాంతము పోతనది కాదని చెప్పిన వాడెవడును భాగవతమును నిరాకరింపలేదు. కాని ‘పౌలు’ అను నామముచేతనే ఒక వాక్యమునకు అధికారము కల్పించి ఇతరుల నోరు మూయించువాడు ఆ నామమునకు ఆధారము చూపక తప్పదు. స్త్రీలు సంఘమున బోధింపరాదను నిషేధము తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలోనిది. అది ఎవరి మాట యను ప్రశ్న ఆ సీమలో బైబిలు చేతబట్టి బోధించు స్త్రీలకు వట్టి పండితవినోదము గాదు.

పరిశోధకవిద్యార్థుల ముందు ఒక పని మిగిలియున్నది. 1818 మొదలు నేటివరకు వెలువడిన తెలుగు క్రొత్త నిబంధనల పాఠములను వరుసగ నుంచి, ఏ వాక్యము ఏ ముద్రణమున తొలగినదో, ఏది అడుగుజ్ఞాపికలోనికి దిగినదో పట్టిక వేయవలెను. ఉదయగిరి, ఆత్మకూరు సంఘములలో ఇండ్ల పెట్టెలయందును ఆలయముల బీరువాలయందును పాత ప్రతులేవైన నిలిచియున్నవేమో వెదకవలెను. వాని అంచులలో పాఠకులు గీసిన గీతలును పరిశోధనకు పనికివచ్చును. తాళపత్రముల పాఠాంతరములకు మనవారు పడిన శ్రమ ఈ పుస్తకమునకును చెల్లును; దానిని చదువుచున్నవారును తెలుగువారే.