కాన్సాస్‌లో కూర్చుని చూసిన 'విజర్డ్ ఆఫ్ ఓజ్'

కాన్సాస్‌లో ఉంటామని చెప్పగానే వేరే రాష్ట్రాల వాళ్ళు కొందరు నవ్వి, "మీ కుక్కపిల్ల పేరు టోటోనా?" అంటారు. వచ్చిన కొత్తలో ఆ జోకు అర్థం కాక మొహమాటానికి నేనూ నవ్వేదాన్ని. మాకు అసలు కుక్కపిల్లే లేదు.

తమాషా ఏమిటంటే ఆ టోటో ఉన్న సినిమా, 1939లో వచ్చిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్', నేను చిన్నప్పుడే తెనాలిలో చూశాను. కేబుల్లో కార్టూన్లు అయిపోయాక రాత్రి తొమ్మిదింటికి పాత హాలీవుడ్ సినిమాలు వచ్చేవి. ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎగిరే కోతులూ, నీళ్ళు పడగానే కరిగిపోయే మంత్రగత్తే తప్ప ఇంకేమీ గుర్తుండలేదు. పైగా మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో చూసినవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం బయట మంచు. ఏడేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ పెట్టాను. మొదటి ఇరవై నిమిషాలూ సెపియా రంగులో కాన్సాస్ పల్లె. సుడిగాలి డొరొతీ ఇంటిని ఎత్తుకుపోయి ఎక్కడో పడేస్తుంది. ఆ పిల్ల వెళ్ళి తలుపు తీస్తుంది. బయట రంగులు!

నేను రిమోట్ తీసుకుని ఆపేశాను. "ఎందుకమ్మా ఆపావ్?" అంది మా అమ్మాయి. దానికేం తెలుసు, మా ఇంట్లో ఆ తలుపుకి ఇవతలా అవతలా ఒకటే రంగని. ముప్ఫయ్యేళ్ళుగా నేను ఈ సినిమా చూశాననే అనుకుంటున్నాను.

ఆ ఒక్క షాటు ఎలా తీశారో తర్వాత చదివితే ఇంకా నచ్చింది. ఇంటి లోపలి గోడలకి సెపియా రంగు వేశారు. జూడీ గార్లండ్ బదులు ఇంకొకామెకి అదే రంగు గౌను తొడిగి తలుపు తీయించారు. కెమెరా ముందుకి కదిలాక నీలం గళ్ళ గౌనులో అసలు జూడీ వచ్చింది. అంటే తీసిందంతా టెక్నికలర్‌లోనే, మోసమంతా పెయింటుది. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన పుస్తకంలో డొరొతీవి వెండి చెప్పులు. రంగుల సినిమాలో వెండి ఏం బావుంటుందని ఎమ్‌జీఎమ్ వాళ్ళు కెంపు రంగు చేశారు. ఆ లెక్కన మా తెనాలి టీవీ మూలానికి కట్టుబడిందన్నమాట.

కానీ నేను ఈ పోస్టు రాస్తున్నది రంగుల గురించి కాదు.

ఇంత రంగుల లోకం వదిలి ఈ పిల్ల ఆ మట్టిరంగు ఊరికి ఎందుకు పోతానంటుందని చాలామంది అడుగుతారు. సొంతూరి మీద మమకారం అనుకుంటాం. కాదు. ఓజ్‌కి వెళ్ళకముందే డొరొతీ ఇంట్లోంచి పారిపోతుంది. దారిలో మన కోయదొర లాంటి ఒక ముసలాయన తగులుతాడు. గాజుగోళం ముందు పెట్టుకుని, ఆ పిల్లని కళ్ళు మూసుకోమని, బుట్టలో ఉన్న ఫోటో చూసేసి, "ఒక పెద్దావిడ ఏడుస్తోంది, గుండె మీద చెయ్యి వేసుకుంది" అన్నట్టు చెప్తాడు. ఆవిడ ఎమ్ పిన్ని. (అత్తో పిన్నో సినిమాలో తేలదు. మా అమ్మాయికి పిన్ని అనే చెప్పాను.) పిల్ల వెనక్కి పరిగెడుతుంది. ఇల్లు చేరేసరికి అందరూ సుడిగాలికి భయపడి నేలమాళిగలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఇక సినిమా అంతా ఆ పిల్ల దగ్గర ఉన్న ఆఖరి కబురు అదొక్కటే, పిన్నికి ఒంట్లో బాగాలేదని. చిన్నప్పుడు ఇది నాకు తెలియనే తెలియదు. మంత్రగాడి కోట గుమ్మం దగ్గర లోపలికి రానివ్వకపోతే కూలబడి ఏడుస్తుంది, పిన్ని చచ్చిపోతోందేమో, తప్పంతా నాదే అని. అది విని కాపలావాడు వెక్కివెక్కి ఏడుస్తాడు. ఆ కాపలావాడూ, దారిలో అబద్ధం చెప్పిన ముసలాయనా, లోపలున్న మంత్రగాడూ ఒకే నటుడు, ఫ్రాంక్ మోర్గన్.

తర్వాత మంత్రగత్తె కోటలో బందీగా ఉన్నప్పుడు పెద్ద గాజుగోళంలో పిన్ని కనిపిస్తుంది. డొరొతీ ఎక్కడున్నావే అని పిలుస్తూ ఉంటుంది. ఇక్కడున్నానని ఈ పిల్ల అరుస్తుంది. ఆవిడకి వినపడదు. వెనక్కి తిరిగి మసకలో కలిసిపోతుంది. మా అమ్మాయి మంత్రగత్తెని చూసి భయపడింది. నేను అంతకుముందే తల తిప్పేసుకున్నాను.

పోయిన దీపావళికి అమ్మకి గుండెల్లో నొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారు. నాకు నాలుగు రోజుల తర్వాత చెప్పారు. ఆ నాలుగు రోజులూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నాను. "సిగ్నల్ లేదక్కా" అంటూ తమ్ముడు సీలింగ్ ఫ్యాన్ చూపించాడు. కంగారు పడతానని చెప్పలేదట.

సినిమా చివర్లో అంతా కల అని తేల్చేయడం నాకు ఇప్పటికీ కంటగింపే. పుస్తకంలో ఓజ్ నిజం. డొరొతీ తిరిగొచ్చేసరికి, సుడిగాలి ఎత్తుకుపోయిన ఇంటి బదులు హెన్రీ బాబాయి ఇంకో ఇల్లు కట్టుకుని ఉంటాడు. పిన్ని క్యాబేజీ మొక్కలకి నీళ్ళు పోయడానికి బయటికొస్తూ పిల్లని చూస్తుంది. అక్కడితో అయిపోలేదు. 1910లో వచ్చిన ఆరో పుస్తకంలో పొలం మీద అప్పు తీర్చలేక వాళ్ళు రోడ్డున పడే పరిస్థితి వస్తే డొరొతీ ఇద్దర్నీ ఓజ్‌కి తీసుకుపోతుంది, శాశ్వతంగా. కానీ ఆ పట్టుబట్టలూ రాజభవనమూ ఆ ముసలివాళ్ళకి పడవు. చేతికి పని లేక, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇబ్బంది పడతారు.

అమ్మ ఇక్కడికి ఆర్నెల్లు ఉందామని వచ్చి నాలుగో నెలకి వెళ్ళిపోయింది. అన్నీ ఉన్నాయే, నాకేం పని లేదు అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. విమానాశ్రయంలో సరిగ్గా మాట్లాడనుకూడా లేదు.

సినిమా అయ్యాక మా అమ్మాయి అడిగింది: "ఆ పిన్నికి నిజంగా బాలేదా? తాత అబద్ధం చెప్పాడా?"

"అబద్ధమే. ఇంటికి వెళ్తుందని అలా చెప్పాడు."

"మరి నిజంగా ఉంటే?"

రాత్రి ఏడున్నరకి అమ్మకి ఫోన్ చేశాం. తెనాలిలో సోమవారం పొద్దున్న ఏడు. ఎప్పట్లాగే తెర మీద సగం నుదురు. "బీపీ చూసుకున్నావా?" అన్నాను. "నార్మలే" అంది. "మిషన్ చూపించు" అన్నాను. మిషన్ కోసం లోపలికి వెళ్ళబోయి, "ఉండవే, కుళాయి వచ్చింది" అంటూ ఫోన్ అరుగు మీద పెట్టేసి పోయింది. తెర నిండా ఆకాశం, ఒక మూల కొబ్బరి మట్ట. మా అమ్మాయీ నేనూ బిందె నిండే చప్పుడు వింటూ కూర్చున్నాం.