దోసెడు తుమ్మిపూలు

ఈ ఉదయం మీరు తాగిన మొదటి గుక్క నీటి చల్లదనం మీకు జ్ఞాపకం ఉన్నదా? పూజామందిరంలో వెలిగించిన దీపంలో వత్తి ఏ వైపునకు వాలి ఉన్నదో చెప్పగలరా? చెప్పలేకపోతే సంకోచించవలసిన పనిలేదు. 40 ఏళ్లుగా అర్చకత్వం చేస్తున్న నాకే ఒకనాడు ఇటువంటి ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

అది కొన్నేళ్ల క్రిందటి కార్తికమాసం. మా శివాలయానికి ఒక వృద్ధురాలు రోజూ దోసెడు తుమ్మిపూలు తెచ్చేది. తుమ్మిపువ్వు ఎంత చిన్నదో పొలంగట్లు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. దోసెడు పోగుచేయాలంటే ఎంతోసేపు నడుము వంచి ఒక్కొక్క పువ్వూ ఏరాలి. ఆ సోమవారం భక్తుల రద్దీ ఎక్కువ. రుద్రం నా నాలుక మీద సాగిపోతున్నది. మనసు మాత్రం సాయంత్రపు దీపోత్సవం ఏర్పాట్లలో ఉన్నది. హారతి ముగిశాక ఆమె గడప దగ్గర నిలబడి, “అయ్యగారూ, నా పూలు సామికి ఎక్కడ పెట్టారు?” అని అడిగింది. నాకు గుర్తులేదు. అయినా, “శిరస్సునే ఉంచానమ్మా” అన్నాను. లోపలికి వెళ్లి చూస్తే ఆ పూలు పళ్లెంలోనే, మారేడు కొమ్మల క్రింద నలిగి ఉన్నాయి. అర్చనలో లోపం ఒకటి, సన్నిధిలో పలికిన అసత్యం మరొకటి. రెండింటికీ మూలం ఒక్కటే. చేయి ఉన్నచోట మనసు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎన్నడో చదివిన ఒక జెన్ గురువు ఉదంతం గుర్తుకు వచ్చింది. జెన్ అనగానే మనకు సంబంధం లేని పరదేశపు మాట అనుకోకండి. మన ‘ధ్యానం’ అనే మాటే బౌద్ధంతోపాటు చైనాకు వెళ్లి ‘చాన్’ అయింది. జపానుకు చేరి ‘జెన్’ అయింది. ఆ సంప్రదాయాచార్యులలో ఒకరైన డోగెన్ (1200-1253) విద్యార్థిగా 1223లో చైనాకు వెళ్లాడు. అక్కడి ఒక ఆశ్రమంలో 68 ఏళ్ల వంటపెద్ద మిట్టమధ్యాహ్నం తలపై ఏ ఆచ్ఛాదనా లేకుండా వంటకు కావలసిన పదార్థాలను ఎండబోస్తున్నాడు. వీపు ధనుస్సులా వంగిపోయి ఉన్నది. డోగెన్ జాలిపడి, ఈ పని సహాయకులకు అప్పగించరాదా అని అడిగాడు. ఇతరులు నేను కారు గదా అన్నాడు ఆ వృద్ధుడు. ఎండ తగ్గాక చేయరాదా అంటే, ఇప్పుడు కాక మరి ఏ సమయం కోసం ఎదురుచూడాలని తిరిగి ప్రశ్నించాడు. డోగెన్ మరి మాట్లాడలేకపోయాడు. వంటవారి ధర్మాన్ని బోధిస్తూ 1237లో రాసిన గ్రంథంలో ఆయనే ఈ సంగతి చెప్పుకొన్నాడు. బియ్యం కడిగేటప్పుడు రాళ్లనూ గింజలనూ శ్రద్ధగా గమనించాలనీ, ఒక్క గింజ కూడా వృథా పోరాదనీ అందులో హెచ్చరించాడు.

జగత్కర్త అయిన ఈశ్వరుని ప్రసక్తి వారి మార్గంలో లేదు. మనకు ఆ ఈశ్వరుడే సర్వస్వం. మార్గాలు వేరైనా, ఆ వంటపెద్ద చూపిన శ్రద్ధ మన పెద్దలు మనకు నేర్పినదే. ఆచమనానికి మినపగింజ మునిగేటంత నీరు చాలునన్నారు. ఆ కొలత తెలియాలంటే అరచేతిని చూడక తప్పదు. భోజనానికి ముందు పరిషేచనం చేసి, పంచప్రాణాలకు ఆహుతులిచ్చేది కూడా ఎదుట ఉన్న అన్నాన్ని మనసారా గుర్తించడానికే. అన్నాన్ని నిందించరాదు, పారవేయరాదు; అదే వ్రతమని తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఆదేశిస్తున్నది. గీత తొమ్మిదో అధ్యాయంలో పరమాత్మ కోరినవి ఆకు, పువ్వు, పండు, నీరు మాత్రమే. అయితే సమర్పించేవాడు ‘ప్రయతాత్మ’ కావాలన్నాడు. అంటే శుద్ధమై, నిగ్రహం గల మనసు కలవాడని అర్థం. పదార్థం విషయంలో అంత ఉదారంగా ఉన్న స్వామి, మనసు విషయంలో మాత్రం రాజీపడలేదు.

కనుక మీరు క్రొత్త వ్రతమేదీ పట్టనక్కరలేదు. రోజూ చేసే పనులలో ఒక్కదానిని ఎంచుకోండి. బియ్యం కడగడం కావచ్చు, తులసికోటలో నీరు పోయడం కావచ్చు, వత్తి చేయడం కావచ్చు. ఆ కాసేపు చేయి ఉన్నచోటే మనసును ఉంచండి. అది తప్పక పారిపోతుంది. విసుగుకోకుండా మళ్లీ తీసుకురండి. కొద్దిరోజులలోనే కడుగునీటి తెల్లదనం, తడిసిన మట్టి వాసన, వేళ్ల మధ్య దూది మెత్తదనం మీకు తెలిసివస్తాయి. అవి నిన్నా ఉన్నాయి, మనమే లేము. ఇంట్లో ఏదో లోటున్నదని బాధపడే ముందు, ఉన్నదానిని ఒక్కసారి నిండుగా చూశామా అని ప్రశ్నించుకోవడం మంచిది.

మరునాడు ఆ తల్లి రాగానే జరిగినది దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, “ఇవి మాత్రం ఒక్కొక్కటీ వెయ్యండి అయ్యగారూ” అంటూ దోసిలి చాపింది. ఒక్కొక్క నామానికీ ఒక్కొక్క పువ్వు వేశాను. ఆమె గడప దగ్గర నిలబడి, చివరి పువ్వు వరకు చూసింది. ఎన్నో ఏళ్లుగా నిత్యం తాకుతున్న తుమ్మిపువ్వు ఎంత తెల్లనిదో నేను ఆనాడే చూశాను.