వఫ్రా తోటలో తీసిన ఫోటో

కువైట్ దేశంలో దక్షిణాన, సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రా ఉంది. చుట్టూ ఎడారి, మధ్యలో టమాటా, కీరదోస తోటలు. కడప, గోదావరి జిల్లాల నుండి ఎంతోమంది కూలికోసం కువైట్ వెళ్ళారు. ఇప్పుడు కూలి మనిషి చేతిలోనూ ఫోనుంది, ఫోనులో కెమెరా ఉంది.

మారిషస్‌లో మన పెద్దలకూ ఫోటోలు తీశారు. 1867 చట్టం ప్రకారం, ఒప్పందం గడువు తీరిన కూలీ ఫోటో ఉన్న చీటీ దగ్గర ఉంచుకోవాలి. అది పోలీసులకు చూపడానికి, ఇంటికి పంపడానికి కాదు. అటువంటి ఫోటోలు మోకా ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

వఫ్రా ఫోటో ఇంటికీ, స్నేహితులకూ వెళుతుంది. "సూపర్ అన్నా!" అంటే సంతోషమే, కాని అందులో నేర్చుకునేది లేదు. "పచ్చదనం బాగా వచ్చింది అన్నా. మధ్యాహ్నం తీశావు కాబట్టి టోపీ నీడ కళ్ళమీద పడింది. సాయంత్రం తియ్యి, లేదా గ్రీన్‌హౌస్ లోపల తియ్యి, అక్కడ ఎండ మెత్తగా ఉంటుంది" అంటే పాఠం. బడిలో మేము చేసేదీ అదే: ముందు బాగున్నది చెప్పాలి, తరువాత మార్చవలసింది ఒక్కటి చెప్పాలి.

ఒక జాగ్రత్త. వఫ్రాలో చమురు బావులున్నాయి. వాటిని తీయకూడదు. అడగకుండా మనుషులనూ తీయకూడదు.

పాత ఫోటోలలో మనవాళ్ళను వెతకాలంటే కూలీ నంబరు కావాలి. మీ బంధువులు పంపిన ఫోటోతో పేరు, ఊరు, తేదీ రాసి దాచండి. రేపటి మనవలకు ఆ వెతుకులాట ఉండదు.