అనుమానంతో ఎగిరే విమానం

కడపలో దిగే చిన్న విమానాన్ని పైలట్ చేతి బలమూ ఉక్కు తీగలూ నడుపుతాయి. కువైట్‌కు ఎక్కే ఏ320లో పైలట్ చేతికీ రెక్కకూ మధ్య ఉండేవి కంప్యూటర్లే. అవి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాయని ముందే అనుకుని కట్టారు కాబట్టే అది భద్రంగా ఎగురుతోంది.

2025 నవంబర్ 28, శుక్రవారం. ఎయిర్‌బస్ సంస్థ నుంచి వచ్చిన ఒక్క ప్రకటనతో ప్రపంచమంతా విమానయాన సంస్థలు ఉలిక్కిపడ్డాయి. దాదాపు 6,000 ఏ320 కుటుంబ విమానాల్లో వెంటనే మార్పు చేయాలి, అది అయ్యాకే ప్రయాణికులను ఎక్కించాలి. మన దేశంలో ఇండిగో, ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ల దగ్గర ఉన్నవే 300 దాటాయి. ఆ శని, ఆదివారాల్లో ఇంజనీర్లు ఒక్కో కాక్‌పిట్‌లోకి వెళ్లి కొత్త సాఫ్ట్‌వేర్ తీసేసి పాతది ఎక్కించారు. చాలా విమానాలకు అది రెండు మూడు గంటల పని.

కారణం అంతకు నెల ముందు జరిగింది. అక్టోబర్ 30న మెక్సికోలోని కాన్‌కూన్ నుంచి అమెరికా వెళ్తున్న జెట్‌బ్లూ ఏ320, పైలట్ ఏమీ చేయకుండానే ముక్కు కిందికి దించింది. ప్రయాణికులు గాయపడ్డారు. విమానాన్ని దారి మళ్లించి టాంపాలో దించారు. సూర్యుడి నుంచి వచ్చే తీవ్ర వికిరణం ఒక కంప్యూటర్‌లోని సమాచారాన్ని చెడగొట్టి ఉండొచ్చని ఎయిర్‌బస్ చెప్పింది. ఆ కంప్యూటర్ పేరు ఎలాక్. విమానం ముక్కును ఎత్తాలన్నా దించాలన్నా, ఒక పక్కకు వాల్చాలన్నా అదే లెక్క కట్టాలి.

ఈ హడావుడి కడపకు వచ్చే ఏటీఆర్ అనే చిన్న విమానాలను తాకలేదు. వాటిలో ఎలాక్ లేదు మరి.

కడపకు వచ్చేది తీగల విమానం

2017 ఏప్రిల్ 27న ప్రధాని నరేంద్ర మోదీ సిమ్లాలో ఉడాన్ పథకం కింద విమాన సర్వీసులకు జెండా ఊపినప్పుడు, అదే వేదిక నుంచి మొదలైన మార్గాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఆ రోజు ఎగిరింది ట్రూజెట్ వారి ఏటీఆర్ 72. 2022 మార్చిలో ఇండిగో వచ్చింది, అదీ ఏటీఆర్‌తోనే. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి అయినా, జమ్మలమడుగు ఉద్యోగి అయినా, పులివెందుల చీనీ రైతు అయినా కడపలో విమానం ఎక్కితే ఎక్కేది ఈ రెండు ప్రొపెల్లర్ల విమానమే.

ఏటీఆర్ కాక్‌పిట్‌లో పైలట్ ముందు పెద్ద స్టీరింగ్ ఉంటుంది. దాన్ని తిప్పితే ఉక్కు తీగలు, కప్పీలు, కడ్డీల మీదుగా ఆ కదలిక రెక్క చివరి ఐలరాన్ అనే పలక దాకా పోతుంది. వెనక్కి లాగితే తోక దగ్గరి ఎలివేటర్ లేస్తుంది. పలకను తోసే గాలి ఒత్తిడి అదే దారిన వెనక్కి వచ్చి పైలట్ చేతికి బరువుగా తగులుతుంది. రెక్క మీది స్పాయిలర్ల లాంటి వాటికి హైడ్రాలిక్ సాయం ఉన్నా, ముఖ్యమైన పలకలను కదిపేది మనిషి కండబలమే. డెబ్బై ఎనభై మంది ఎక్కే నెమ్మది విమానానికి ఇది చాలు.

కువైట్ సంగతి వేరు. ఉమ్మడి కడప జిల్లా నుంచి దశాబ్దాలుగా వేలమంది పొట్ట చేత పట్టుకుని అక్కడికి పోతున్నారు. వాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో బెంగళూరులోనో ఎక్కే విమానం చాలాసార్లు ఏ320. కువైట్ సంస్థ జజీరా ఎయిర్‌వేస్ నడిపేవన్నీ ఆ కుటుంబానివే. గంటకు 800 కిలోమీటర్లు దాటిన వేగంలో పలకల మీద పడే గాలి బలాన్ని చేత్తో నెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే జెట్ విమానాలకు హైడ్రాలిక్ పిస్టన్లు వచ్చాయి. చాలాకాలం ఆ పిస్టన్లకు ఆజ్ఞ తీసుకెళ్లింది మాత్రం ఉక్కు తీగలే. ఇప్పటి బోయింగ్ 737లోనూ ప్రధానంగా అదే పద్ధతి. ఆ ఆజ్ఞను విద్యుత్ సంకేతంగా మార్చి, మధ్యలో కంప్యూటర్‌ను కూర్చోబెట్టడమే ఫ్లై-బై-వైర్.

చెయ్యి అడుగుతుంది, కంప్యూటర్ చేస్తుంది

ఏ320లో పెద్ద స్టీరింగ్ ఉండదు. కెప్టెన్‌కు ఎడమ పక్కన, కో-పైలట్‌కు కుడి పక్కన గుప్పిట్లో ఇమిడే సైడ్‌స్టిక్ ఉంటుంది. దాన్ని ఎంత వంచారో సెన్సర్లు కొలిచి కంప్యూటర్‌కు చెబుతాయి. విమానం వేగం, ఎత్తు, వాలు, గాలికి ఎదురుగా రెక్క చేసే కోణం కూడా కంప్యూటర్‌కు చేరతాయి. అన్నీ చూసుకుని ఏ పలక ఎంత కదలాలో అది తేలుస్తుంది. పలక దగ్గరి హైడ్రాలిక్ వాల్వ్‌కు కరెంటు సంకేతం వెళ్తుంది, పిస్టన్ కదులుతుంది. పలక నిజంగా ఎంత కదిలిందో చెప్పే సంకేతం తిరిగి కంప్యూటర్‌కు వస్తుంది. తేడా ఉంటే సరిదిద్దుతుంది. సెకనులో ఎన్నోసార్లు ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. కుదుపుల్లో రెక్క చివరి ఐలరాన్ చిన్నచిన్నగా అదరడం కిటికీలోంచి కనబడితే, అది ఈ లెక్కే.

అసలు మార్పు ఇంకా లోపల ఉంది. ఏటీఆర్ పైలట్ పలకను కదుపుతాడు. ఏ320 పైలట్ ఫలితాన్ని అడుగుతాడు. స్టిక్‌ను పక్కకు వంచడమంటే ‘ఇంత వేగంతో వాలు’ అని అడగడం. వదిలేస్తే విమానం ఆ వాలులోనే నిలబడుతుంది. వాలు 33 డిగ్రీలు దాటాక వదిలితే తనంతట తాను 33కు వచ్చి ఆగుతుంది. స్టిక్‌ను చివరికంటా నొక్కి పట్టినా 67 డిగ్రీలు దాటి వాలదు. ముక్కు 30 డిగ్రీలకు మించి పైకి లేవదు, 15 డిగ్రీలకు మించి దిగదు. రెక్క గాలి మీద పట్టు కోల్పోయే కోణం దగ్గరికి పోనివ్వదు. 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ బలం కోల్పోయిన ఏ320ని న్యూయార్క్ హడ్సన్ నదిలో దించినప్పుడు, నీటిని తాకే ముందు చివరి క్షణాల్లో ఈ కాపలా పనిచేసింది.

ఇక్కడొక చిక్కుంది. పైలట్‌ను హద్దు దాటనివ్వని కంప్యూటర్‌ను హద్దులో పెట్టేదెవరు?

మూడో అంగడి మాట

ఏ320ని గీసిన ఇంజనీర్లు ఏ ఒక్క పరికరాన్నీ పూర్తిగా నమ్మలేదు. ముక్కును ఎత్తే, విమానాన్ని వాల్చే, తోకను అదుపు చేసే కంప్యూటర్లు మొత్తం ఏడు: రెండు ఎలాక్‌లు, మూడు సెక్‌లు, రెండు ఫ్యాక్‌లు. ఎలాక్‌ను ఒక కంపెనీ ఒక రకం ప్రాసెసర్‌తో చేసింది. సెక్‌ను మరో బృందం మరో రకం ప్రాసెసర్‌తో చేసింది. ఒకరి ఆలోచనలో దొర్లిన తప్పు రెండో చోట దొర్లకూడదని ఆ జాగ్రత్త. పైగా ప్రతి కంప్యూటర్‌లోనూ రెండు సగాలుంటాయి. ఒకటి ఆజ్ఞ ఇస్తుంది, రెండోది అదే లెక్క విడిగా కట్టి మొదటిదాన్ని కనిపెట్టి ఉంటుంది. రెంటికీ పొంతన కుదరకపోతే ఆ కంప్యూటర్ తనంతట తాను తప్పుకుంటుంది, పక్కది పని అందుకుంటుంది. పిస్టన్లకు బలమిచ్చే హైడ్రాలిక్ వ్యవస్థలూ మూడు.

వేగం, ఎత్తు, కోణం చెప్పే యూనిట్లు మూడు. ప్రొద్దుటూరులో పాత గొలుసును మూడు అంగళ్లలో టంచ్ (బంగారం నాణ్యత) చూపిస్తే, రెండు చోట్ల ఒకే మాట వచ్చి మూడో చోట తేడా వస్తే ఆ మూడో మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. విమానమూ అంతే. రెండు కలిసి, ఒకటి విడిపోతే విడిపోయినదాన్ని పక్కన పెడుతుంది.

మూడూ మూడు మాటలు చెబితే? అప్పుడు కంప్యూటర్ తన మీద తానే అనుమానపడి అధికారాన్ని కొంత వదులుకుంటుంది. మామూలు స్థితిని నార్మల్ లా (నియమం) అంటారు. చెడేకొద్దీ ఆల్టర్నేట్ లా, ఆపైన డైరెక్ట్ లా. కాపలాలు ఒక్కొక్కటే తొలగి, పని పైలట్ చేతికి వస్తుంది. కరెంటు మొత్తం పోయినా కొంతసేపు అదుపు చేయడానికి రడ్డర్ పెడళ్లూ, తోక వాలు మార్చే చక్రమూ తీగలతోనే ఉంచారు. బోయింగ్ 777లో ఇంకో దారి. మూడు ప్రధాన కంప్యూటర్లు, ఒక్కొక్కదానిలో మూడేసి వేర్వేరు ప్రాసెసర్లు. పెద్ద స్టీరింగ్‌ను ఉంచారు. హద్దు దగ్గర చేతికి బరువు పెరుగుతుంది, అయినా పైలట్ బలంగా లాగితే ఒప్పుకుంటుంది.

అనుమానం చాలని చోట

2008 అక్టోబర్ 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న క్వాంటాస్ ఏ330లో ఒక యూనిట్ తప్పుడు అంకెలు వరుసగా పంపింది. రెక్క కోణం అంకెలు ఒక ప్రత్యేకమైన వ్యవధితో ఎగిసిపడ్డాయి. వాటిని వడగట్టే లెక్క ఆ ఒక్క తీరును పట్టుకోలేకపోయింది. విమానం ముక్కు రెండుసార్లు కిందికి వేసింది. వందమందికి పైగా గాయపడ్డారు. ప్రాణాలు పోలేదు.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447లో కథ తిరగబడింది. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఏ330కి వేగం కొలిచే పీటో గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి. అంకెలు కలవక కంప్యూటర్లు నియమం ప్రకారమే ఆల్టర్నేట్ లాకు దిగి విమానాన్ని మనుషులకు అప్పగించాయి. చీకట్లో, తుపాను మేఘాల నడుమ ఒక పైలట్ స్టిక్‌ను వెనక్కే లాగి ఉంచాడు. స్టాల్ నుంచి, అంటే రెక్క గాలి మీద పట్టు కోల్పోవడం నుంచి, కాచే కాపలా అప్పటికి లేదు. రెండు సైడ్‌స్టిక్‌లకూ లంకె లేదు కాబట్టి ఒకరి చెయ్యి ఏం చేస్తోందో రెండోవారి చేతికి తెలియదు. 228 మంది చనిపోయారు.

బోయింగ్ 737 మ్యాక్స్ పూర్తి ఫ్లై-బై-వైర్ కాదు. కానీ దాని తోకను కదిపే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్, రెండు కోణం సెన్సర్లు ఉండగా ఒక్కదాని మాటే వినేది. ఆ ఒక్కటి అబద్ధం చెప్పిన రోజుల్లో, 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో, 346 ప్రాణాలు పోయాయి. రెండో మాట అడగకపోవడమే ఆ తప్పు.

బెంగళూరు, 1990

అనుమానించాలనే ఈ పాఠం మన పక్కనే, చాలా ముందే రాసి ఉంది. 1988లో ఏ320 సేవలోకి వచ్చింది. మరుసటి ఏడాదే ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చుకుంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన విమానం బెంగళూరు రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో పడింది. లోపలున్న 146 మందిలో 92 మంది మరణించారు. ‘కంప్యూటర్ విమానం’ మీద దేశమంతా భయం పుట్టింది. ప్రభుత్వం ఆ విమానాలను నెలల తరబడి నేల మీదే ఉంచింది. విచారణలో తేలింది వేరు: ఇంజన్లు ఐడిల్‌లో ఉండే మోడ్‌లో దిగుతున్న సంగతిని పైలట్లు సమయానికి గుర్తించలేదు. పవర్ పెంచినా ఇంజన్లు పుంజుకునేంత ఎత్తు మిగల్లేదు. కంప్యూటర్‌ను కంప్యూటర్ అనుమానిస్తే చాలదని, కాక్‌పిట్‌లో మనిషి కూడా ‘ఇదిప్పుడు ఏం చేస్తోంది’ అని అడుగుతూ ఉండాలని ఆ ప్రమాదం చెప్పింది.

తర్వాత అదే బెంగళూరు ఈ విద్యను సొంతం చేసుకుంది. అంతకు చాలా ముందు, 1972లో, నాసా అపోలో చంద్రయాత్ర కంప్యూటర్‌ను ఎఫ్-8 యుద్ధవిమానంలో పెట్టి ఎగరేసి డిజిటల్ ఫ్లై-బై-వైర్‌కు దారి వేసింది. బెంగళూరులో రూపొందిన మన తేజస్ యుద్ధవిమానం మీద అమెరికాతో కలిసి పని జరుగుతుండగా 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలు వచ్చాయి. మనవాళ్లు తిరిగొచ్చి ఇక్కడే పని ముగించారు. 2001 జనవరి 4న తేజస్ తొలిసారి ఎగిరింది. కంప్యూటర్ లేకుండా నిలకడగా ఎగరలేని విమానం అది. అందుకే దాని నియంత్రణ వ్యవస్థలో నాలుగు సమాంతర మార్గాలు పెట్టారు.

పులివెందుల జేఎన్‌టీయూ కళాశాలలోనూ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనూ కంట్రోల్ సిస్టమ్స్ చదివే పిల్లలు ఫీడ్‌బ్యాక్ లూప్ బొమ్మను పరీక్షలో గీసే ఉంటారు. సెన్సర్ నుంచి కంప్యూటర్‌కు, అక్కణ్నుంచి వాల్వ్‌కు, తిరిగి సెన్సర్‌కు గీత గీయడం సులువే. ఆ బొమ్మలో ఒక్కో పెట్టెనూ చూపించి, ఇది అబద్ధం చెబితే ఎవరికి తెలుస్తుంది, ఎంతసేపట్లో తెలుస్తుంది, తెలిశాక పని ఎవరు అందుకుంటారు అని అడిగి జవాబు రాయడమే అసలు ఇంజనీరింగ్. 2025 నవంబర్‌లో దాదాపు 6,000 విమానాలను ఆపి ఎయిర్‌బస్ మళ్లీ రాసుకున్నది ఆ జవాబే. కువైట్ వెళ్లే మనవాళ్ల ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.