నమూనా షంటింగు ఇంజనుకు క్రొత్త చక్రములు

రైలు యార్డులయందు పెట్టెలను ఒక లైనునుండి మఱియొక లైనునకు త్రోసి, బండ్లను కూర్చు చిన్న ఇంజనును షంటింగు ఇంజను అందురు. దానికి వేగముతో పని లేదు. మెల్లగా కదలుట, కోరినచోట ఆగుట, ఆగినచోటినుండి కుదుపు లేక మరల బయలుదేరుట అనునవియే దానికి కావలసిన గుణములు. ఇట్టి ఇంజను యొక్క నమూనాను కొని బల్లమీద నడపువారు, అది పెట్టెను తాకబోవునంతలో ఠక్కున నిలిచిపోవుట చూచి మోటారును నిందింతురు. పెక్కుమాఱులు లోపము మోటారునందు గాక చక్రములయందే యుండును. ఆ చక్రములను మార్చుట ఎట్లో, మార్చునపుడు గమనింపవలసిన నియమములెవ్వియో ఇచ్చట వివరింప బూనితిమి.

ఉదాహరణమునకు బ్రిటిషు రైల్వేలయందు పిమ్మట 08 తరగతి యని పేరొందిన డీజిలు షంటరును గైకొందము. 1952 మొదలు 1962 వఱకు ఇట్టి ఇంజనులు 996 నిర్మింపబడినవి. ఒక్కొక్కదాని బలము 350 అశ్వశక్తులు. దీనికి ఆఱు చక్రములు గలవు. చక్రపు వ్యాసము 4 అడుగుల 6 అంగుళములు. మొదటి ఇరుసునకును కడపటి ఇరుసునకును నడిమి దూరము 11 అడుగుల 6 అంగుళములు. ఇంగ్లండులో మిక్కిలి వాడుకలోనున్న డబుల్ ఓ నమూనాలలో అడుగు 1కి 4 మిల్లీమీటర్లు లెక్క. కావున నమూనా చక్రము 18 మిల్లీమీటర్లు, ఇరుసుల నడిమి దూరము 46 మిల్లీమీటర్లు ఉండవలయును. విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును.

అయితే పట్టాల విషయములో ఈ లెక్క తప్పినది. అడుగుకు 3.5 మిల్లీమీటర్ల చొప్పున చేయు హెచ్.ఓ. నమూనాలకు పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండు ఇంజనులు ఐరోపా ఖండపు ఇంజనులకన్న చిన్నవి. ఆ కొలతతో చేసిన దేహములో ఆనాటి మోటారులు ఇముడుట కష్టమయ్యెను. అందుచేత దేహమును 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచి, పట్టాలను మాత్రము పూర్వపు వెడల్పుననే ఉంచిరి. 16.5ను 4చే భాగింపగా 4 అడుగుల ఒకటిన్నర అంగుళము వచ్చును. నిజమైన గేజి 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. అనగా నమూనా ఇంజను 7 అంగుళములు తక్కువైన దారిమీద నడచుచున్నదన్న మాట. దీనిని సహింపని వారు కొందఱు ఇ.యం. అను 18.2 మిల్లీమీటర్ల గేజిని, మఱికొందఱు పి.4 అను 18.83 మిల్లీమీటర్ల గేజిని అవలంబించిరి. మన దేశపు 5 అడుగుల 6 అంగుళముల బ్రాడ్‌గేజికి ఇదే లెక్కన 22 మిల్లీమీటర్లు కావలయును.

కావున చక్రములు మార్చదలచినవాడు ముందుగా తన పట్టాలను చూచుకొనవలయును. గేజి మార్చినచో పట్టాలు, పాయింట్లు, పెట్టెల చక్రములు అన్నియు మార్చవలసి వచ్చును. అంత వ్యయమునకు ఓర్వలేనివాడు 16.5 మిల్లీమీటర్ల గేజిలోనే సన్నని అంచుగల చక్రములను వేసికొనుట మేలు.

ఇక అంచు మాట. పట్టాలనుండి చక్రము తప్పకుండ లోపలి వైపున కాచు గట్టునే అంచు అనుచున్నాము. పాత నమూనాలలో ఈ అంచు లోతుగను దళసరిగను ఉండును. ఎత్తు తక్కువగు పట్టాలమీద అది మేకుల తలలకు తగిలి ఎగిరిపడును. సన్నని అంచు చూపునకు ఇంపైనది. కాని అది దారిలోని హెచ్చుతగ్గులను మన్నింపదు. కదలికలేని మూడు ఇరుసులు గల బండి గతుకుమీదికి వచ్చినప్పుడు ఒక చక్రము గాలిలో నిలుచును. అందుకే మిక్కిలి సన్నని చక్రములు వాడువారు ఇరుసులకు స్ప్రింగులు గాని, క్రిందుమీదుగా ఊగు ఏర్పాటు గాని చేయుదురు.

చక్రము నేలకు తగులుట బండిని మోయుటకే కాదు. విద్యుత్తు పట్టాలనుండి మోటారునకు చేరునదియు చక్రము ద్వారమే. 46 మిల్లీమీటర్ల పొట్టి బండిలో ఒక్క చక్రము ఎత్తుకొన్నను, మురికి పట్టినను, ప్రవాహము తెగును. మెల్లగా పోవు బండికి ఆ తెగిన చోటును దాటు వేగము లేదు, కనుక ఆగిపోవును. పట్టు కొఱకు రబ్బరు తొడిగిన చక్రము విద్యుత్తును తీసికొనజాలదు. నికెల్ సిల్వరు పట్టీ గల చక్రములు ఈ పనికి తగినవి.

అమర్చునపుడు మూడు నియమములు పాటింపవలయును.

మొదటిది, ఒక ఇరుసుపైనున్న రెండు చక్రముల లోపలి ముఖముల నడిమి దూరము. 16.5 గేజికి ఇది సుమారు 14.5 మిల్లీమీటర్లు. దీనిని కంటితో నిర్ణయింపరాదు; వెర్నియర్ కాలిపర్సుతో చక్రము చుట్టును మూడు చోట్ల కొలువవలయును. మూడు కొలతలు వేఱైనచో చక్రము ఇరుసుపై వంకరగా ఎక్కినదని తెలియును.

రెండవది, విద్యుత్తు. ఒక ప్రక్క చక్రమునకు మాత్రమే ఇరుసునుండి వేఱుచేయు అడ్డు ఉన్నచో, ఆ ప్రక్క మూడు ఇరుసులకును ఒకటే కావలయును. ఒక్క ఇరుసు తలక్రిందైనను, లోహపు కలుపు కడ్డీల ద్వారా రెండు పట్టాలును కలిసి షార్టు ఏర్పడును.

మూడవది, క్రాంకుల కోణము. ఈ ఇంజనుకు చట్రము చక్రముల వెలుపల నుండుటచే క్రాంకులు ఇరుసుల కొనలయందు ఉండును. కుడి యెడమ క్రాంకుల నడుమ 90 డిగ్రీల కోణము ఉంచెదరు. ఏలయన, ఒక ప్రక్క క్రాంకు కడ్డీతో సమరేఖయందున్నప్పుడు ఆ ప్రక్క కడ్డీ ఇరుసును త్రిప్పజాలదు. అప్పుడు రెండవ ప్రక్క కడ్డీ పూర్ణబలముతో త్రిప్పును. కోణము 88 అయినను 92 అయినను బండి నడచును. మూడు ఇరుసులకును అది సమానము కానిచో కడ్డీలు బిగిసికొనును. కడ్డీలలోని రంధ్రములను పెద్దవి చేసి ఈ దోషమును కప్పిపుచ్చుట తగదు.

పాత చక్రములను సుత్తితో కొట్టక, చక్రములు లాగు పనిముట్టుతో నిటారుగా తీయవలయును; పక్కకు వంచినచో ఇరుసుపైనున్న ప్లాస్టిక్ పళ్లచక్రము పగులును. క్రొత్త చక్రమును వైసు నడుమ కొంచెము కొంచెముగా నొక్కి ఎక్కింపవలయును. తరువాత మోటారును కలుపకయే బండిని గాజుపలకమీద చేతితో త్రోసి చూడుడు. ఎచ్చటను బిగియక దొర్లినచో అప్పుడే మోటారును కలుపవచ్చును. పాత చక్రములను పాఱవేయక డబ్బాలో దాచుడు.

పిదప బండిని మిక్కిలి తక్కువ వేగముతో ఒక పాయింటు మీదుగా పదిమాఱులు నడపి చూడుడు. ఆగక పోయినచో పని కుదిరినట్లే. ఆగినచో అది ప్రతిమాఱును ఒకేచోట ఆగినదా, వేర్వేఱు చోట్ల ఆగినదా గుర్తింపుడు. ఒకేచోట ఆగినచో దారిని, వేర్వేఱు చోట్ల ఆగినచో చక్రములను ముందుగా పరీక్షింపుడు. ఏది చెడినదో తెలిసికొనక అన్నిటిని ఒక్కసారి విప్పువాడు ఉన్న పనిని పెంచుకొనును. ఒక్కొక్కదానిని మార్చి, మరల నడపి చూచుకొనువానికి శ్రమయు వ్యయమును తగ్గును.