తక్కువ ఖర్చులో పిల్లల ఆటగది: ఇంట్లో తెలుగుకు ఒక చోటు

తీర్థమలై, హరూరు చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పెద్దలు మా సంఘాన్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఏం చేయమంటారు?" ఆదివారం తరగతి పెట్టమని కొందరంటారు, పుస్తకాలు పంచమని కొందరంటారు. రెండూ మంచివే. కానీ వారమంతా బడి, సాయంత్రం ట్యూషన్, ఇంటికొస్తే సెల్‌ఫోన్. అలాంటి పిల్లవాడికి ఆదివారం ఇంకో తరగతి అంటే మొహం ముడుచుకుంటాడు. అందుకే ఈసారి మేము వేరే మాట చెప్పదలచాం. ఇంట్లో ఒక ఆటగది పెట్టండి. గది లేకపోతే ఒక మూల చాలు. దానికి మూడు వేల రూపాయలు దాటనక్కరలేదు.

ఆటగదికీ తెలుగుకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07 విద్యాసంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున తమిళం నిర్బంధ పాఠ్యాంశమైంది. ఆ వరస 2015-16లో పదో తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు పరీక్షల్లో మినహాయింపు కోసం కోర్టుల దాకా వెళ్ళవలసి వచ్చింది. తమిళం మనకు అన్నం పెడుతున్న భాష. మన పిల్లలు దాన్ని చక్కగా నేర్చుకోవాలి, అందులో రెండో మాట లేదు. అయితే బడిలో తెలుగుకు చోటు తగ్గినప్పుడు ఇంట్లో చోటు పెంచుకోవలసింది మనమే.

మేము ఇళ్ళలో గమనించినంతలో, భాష ఒక్కసారిగా పోదు. అన్నం, నీళ్ళు, అమ్మమ్మ, తాత వంటి మాటలు చివరిదాకా ఉంటాయి. ముందు పోయేవి అంకెలు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు కూడా లెక్కపెట్టమంటే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. తర్వాత దిక్కులు, రంగులు, చేతిపనుల మాటలు పోతాయి. ఇవన్నీ ఆటలో పుట్టే మాటలు. పాఠం చెప్పి వీటిని తిరిగి తేవడం కష్టం. ఆట పెడితే వాటంతట అవే వస్తాయి.

చోటు ఎంచుకోవడం

వేరే గది ఉన్నవారు అదృష్టవంతులు. లేనివారు వసారాలో ఒక మూల, నట్టింట్లో గోడవారగా ఆరడుగుల చాప పరిచే చోటు, మెట్ల కింది జాగా చూసుకోవచ్చు. పాత ఇళ్ళలో వీధి తిన్నె ఉంటే ఇంకేం కావాలి? చూడవలసినవి మూడే: గాలి, వెలుతురు, పెద్దవాళ్ళ కంటి చూపు. వంటింట్లోనుంచో, పడకకుర్చీలోనుంచో ఎవరో ఒకరికి ఆ మూల కనబడాలి. రేకుల కప్పు కింద గది అయితే ఎండాకాలం మధ్యాహ్నం అందులో ఆడనివ్వకండి. ఉదయం, సాయంత్రం వాడుకోండి.

చోటు చిన్నదైనా ఫరవాలేదు గాని, అది పిల్లలదే అని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి. బంధువులు వచ్చిన ప్రతిసారీ ఆ మూలలో బియ్యం బస్తా పెడితే అది ఆటగది కాదు, గోదాము అవుతుంది.

మూడు వేల లెక్క

గుమాస్తా ఉద్యోగం చేసి వచ్చిన అలవాటుకొద్దీ మేము పద్దు వేయకుండా ఏ పనీ మొదలుపెట్టం. మొత్తం 3,000 రూపాయలు అనుకుందాం. నేలకు, అంటే మందపాటి చాప లేక జంబుకానాకు, 900. సామాను సర్దుకునే పెట్టెలకు, అరకు 500. రాసుకునే గోడకు 500. పుస్తకాలకు 600. భద్రతకు 300. సుద్దముక్కలు, జిగురు, దారం వంటి చిల్లర ఖర్చులకు 200. ధరలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి ఈ అంకెలను హద్దులుగా చూడండి. ఇంట్లో చాప ఉంటే ఆ 900 మిగిలినట్టే.

ఈ పద్దులో బొమ్మలు కొనడానికి ఒక్క రూపాయి కూడా లేదని మీరు గమనించే ఉంటారు. తెలిసే అలా వేశాం. తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ బొమ్మ వారం తిరక్కుండా విరిగి మూలనపడటం అందరం చూసిందే. పైగా బొమ్మలు ఎక్కువైతే ఆట తగ్గుతుంది. అమెరికాలోని టోలెడో విశ్వవిద్యాలయం వారు 36 మంది పసిపిల్లలను ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కొక్క బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఆ పరిశోధన 2018లో అచ్చయింది. కాబట్టి ఉన్న బొమ్మల్లో మూడో వంతు మాత్రం బయట పెట్టి, మిగతావి బీరువాలో దాచండి. పదిహేను రోజులకొకసారి మార్చండి. పాత బొమ్మే కొత్తదిలా కనబడుతుంది.

అర పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉండాలి. మేరియా మాంటిస్సోరి చెప్పిన పద్ధతిలో ఇది ముఖ్యమైన సంగతి. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ తనంతట తాను తీసుకోగలగాలి, తనంతట తాను తిరిగి పెట్టగలగాలి. ఇందుకు కొత్త అర కొనక్కరలేదు. ఏడాదికొకసారి బయటికి తీసే బొమ్మల కొలువు మెట్లు అటక మీద ఉంటే, కింది రెండు మెట్లు దించి గోడకు ఆనించి కదలకుండా బిగించండి. రాసుకునే గోడకు నేలనుంచి మూడడుగుల ఎత్తువరకు నల్లబోర్డు రంగు వేయిస్తే చాలు. అద్దె ఇల్లయితే ఒక అట్టపలకకు వేసి గోడకు తగిలించండి.

సామాను మన పెరట్లోనే ఉంది

మన సీమలో చింతచెట్టుకు కొదవ లేదు. చింతపండు కొట్టే రోజుల్లో పిక్కలు ఒక డబ్బాకు ఎత్తి పెట్టండి. వాటితో మూడు ఆటలు వస్తాయి.

మొదటిది వామనగుంటలు. పీట లేకపోతే ముప్పై గుడ్లు పట్టే కాగితపు అట్ట తీసుకోండి. అందులో ఆరేసి గుంటల వరసలు ఐదు ఉంటాయి. రెండు వరసలు ఒక ముక్కగా, ఇంకో రెండు వరసలు ఒక ముక్కగా కోయండి. మిగిలిన వరసను రెండేసి గుంటల ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను అడ్డంగా తిప్పి చివర అతికించండి. ఏడేసి గుంటల రెండు వరసలతో రెండు పలకలు తయారవుతాయి, రెండు గుంటలు మిగులుతాయి. మరక లేని శుభ్రమైన అట్టనే ఎండలో పెట్టి వాడాలి. గుడ్ల అట్ట ఇంట్లోకి రాకూడదనుకునేవారు పద్నాలుగు కొబ్బరి చిప్పలు వాడవచ్చు, నేలమీద సుద్దతో సున్నాలు గీసుకోవచ్చు. గుంటకు ఐదు చొప్పున వేస్తే 70 పిక్కలు కావాలి. ఒకటి, రెండు, మూడు అంటూ పంచుతూ పోతే బిడ్డ నోట తెలుగు అంకెలు తిరుగుతాయి. నాయనమ్మ ఎదురుగా కూర్చుంటే ఇంకేమీ నేర్పక్కరలేదు.

రెండోది అష్టాచెమ్మా. నాలుగు పిక్కలను ఒకవైపు గరుకు రాతిమీద తెల్లబడేదాకా అరగదీస్తే గవ్వలకు బదులు వాడుకోవచ్చు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. పలక అయిదు గళ్ళు అడ్డం, అయిదు గళ్ళు నిలువు. మూడోది పులిజూదం. మూడు పులులకు మూడు గులకరాళ్ళు, పదిహేను మేకలకు పదిహేను పిక్కలు. పులిని కట్టడానికి మేకలు కలిసి నడవాలని పిల్లలకు ఆటే చెబుతుంది.

వడ్రంగి దగ్గర చెక్క ముక్కలు అడిగితే కట్టడాల ఆటకు సరిపోతాయి. గరుకు కాగితంతో అంచులు బాగా రుద్దండి. పొరలు లేచే ప్లైవుడ్ ముక్కలు వద్దు, చేతికి గుచ్చుకుంటాయి. అట్టపెట్టెలు ఇళ్ళవుతాయి, బస్సులవుతాయి, అంగడి అవుతాయి. పాత చీర ఒకటి గుడారం అవుతుంది. వంటింట్లో పాత చిన్న గిన్నెలు, గరిటెలు ఇస్తే గుజ్జనగూళ్ళకు వేరే ఖర్చు లేదు.

ఒకటి రెండు మంచి బొమ్మలు కొనాలనిపిస్తే, ఆంధ్రకు వెళ్ళినప్పుడు ఏటికొప్పాక బొమ్మ తీసుకురండి. అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేస్తారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత దూరం వెళ్ళలేనివారికి కర్ణాటకలో చెన్నపట్నం ఉంది.

జాగ్రత్తలు

ఖర్చు తగ్గించాలనుకున్నా భద్రత దగ్గర తగ్గించకూడదు. మూడేళ్ళ లోపు బిడ్డ ఉన్న ఇంట్లో చింతపిక్కలు, గోళీలు, బెలూన్లు అందనివ్వకండి. గొంతులో అడ్డం పడతాయి. పెద్దపిల్లల ఆట ముగియగానే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఆ లెక్క కూడా తెలుగులోనే.

గురివింద గింజలు మాత్రం ఎవరి ఆటలోనూ వద్దు. తమిళంలో కుండుమణి అంటారు. ఎర్రగా, నల్లబొట్టుతో ముచ్చటగా ఉంటాయిగాని వాటిలో అబ్రిన్ అనే విషం ఉంది. నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. అలాగే బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చిన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొన్న బొమ్మ మీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ఇంట్లో మిగిలిన పాత రంగు డబ్బాతో బొమ్మలకు రంగులు వేయకండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు డబ్బాలో ఏముందో చెప్పలేం. ఇక బీరువా, టీవీ బల్ల గోడకు బిగించి ఉండాలి. కింది ప్లగ్గులకు మూతలు వేయించాలి. భద్రతకు పెట్టిన 300 వీటికే.

తెలుగు ఎక్కడినుంచి వస్తుంది?

గదిలో ఉన్న ప్రతి వస్తువు మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి అంటించండి: తలుపు, కిటికీ, చాప, పెట్టె, పిక్కలు. అట్టను చిన్న చతురస్రాలుగా కోసి అక్షరాల బిళ్ళలు చేయండి. ముందు బిడ్డ పేరులోని అక్షరాలు, తర్వాత అమ్మ పేరు, తర్వాత ఊరి పేరు. వరసగా అ ఆ లు తర్వాత చూసుకోవచ్చు.

పుస్తకాలకు పెట్టిన 600తో మంచి పుస్తకం, తూలిక వంటి ప్రచురణకర్తల చిన్న బొమ్మల పుస్తకాలు నాలుగైదు తెచ్చుకోవచ్చు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి తెలుగులోనూ, తమిళంలోనూ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. కావలసినవి ప్రింటు తీసి సూదీదారంతో కుట్టండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో పాత చందమామలు ఉంటే బయటికి తీయండి. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రిక తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా వచ్చింది. ఒకే కథను రెండు భాషల్లో చదువుకున్న ఇళ్ళు మనవి.

ఆ రెండు భాషల సంపద ఆటల్లోనూ ఉంది. మన వామనగుంటలు తమిళంలో పల్లాంగుళి. పులిజూదం ఆడుపులి ఆట్టం. తొక్కుడుబిళ్ళ పాండి. వైకుంఠపాళి పరమపదం. లక్కపిడతలు సొప్పు సామాన్లు. గోడమీద ఈ జంటపేర్లు పక్కపక్కన రాయండి. పక్కింటి తమిళ పిల్లలను కూడా ఆటకు పిలవండి. తెలుగు దాచుకోవలసిన భాష కాదని, ఇద్దరూ కలిసి ఆడుకునే భాష అని మన పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.

ఒక మనవి. మన ఇళ్ళ తెలుగులో తమిళ మాటలు కలుస్తాయి, యాస వేరుగా ఉంటుంది. ఆటలో బిడ్డ ఏ మాట వాడినా నవ్వకండి, ఆపి దిద్దకండి. జవాబిచ్చేటప్పుడు సరైన మాట మీరు వాడితే చాలు. ఒకసారి నవ్వులపాలైన బిడ్డ మళ్ళీ నోరు విప్పడు.

అన్నిటికంటే ముఖ్యమైన సామాను ధర లేనిది. రోజుకు అరగంట ఆ చాప మీద కూర్చునే పెద్దమనిషి కావాలి. మోకాళ్ళ నొప్పులుంటే పక్కన కుర్చీ వేసుకోండి. ఫోను మాత్రం వేరే గదిలో పెట్టండి. స్థలం లేనివారు ఒకే వీధిలోని మూడు నాలుగు ఇళ్ళు కలిసి ఒకరి తిన్నె మీద ఆటమూల పెట్టుకోండి. బొమ్మలు, పుస్తకాలు నెలకొకసారి మార్చుకోవచ్చు. ఖర్చు పంచుకుంటే ఇంటికి వెయ్యి దాటదు.

వచ్చే ఆదివారం చాప పరిచి, డెబ్భై పిక్కలు లెక్కపెట్టి మొదలుపెట్టండి. మిగతావి ఒక్కొక్కటిగా చేరతాయి.